అంబుజం ఇవ్వని కొస

బాహూరు దొరైస్వామి ఇంట్లో ఎవరి పెళ్ళి జరిగినా పెళ్ళికూతురు పాట మీదనే నడిచి వచ్చి పీట మీద కూర్చోవాలి. ఆ పాట ఒక్కరు పాడేది కాదు. పెళ్ళి ఎవరి బిడ్డదైతే ఆ తల్లి ముందు పాడుతుంది, ఆమె తోడికోడలు వెనక పాడుతుంది. ముందామె చరణం చివరి అక్షరాన్ని సాగదీసి పట్టుకుంటుంది. అది ఆరిపోకముందే వెనకామె అందుకోవాలి. దాన్ని కొస అందుకోవడం అంటారు. రెండు గొంతుల మధ్య సూది దూరే సందు కూడా ఉండకూడదు. అన్ని చరణాల్లోనూ కొస పైకి పోతుంది. ఆఖరి చరణంలో మాత్రం బిందెలోకి నీళ్ళు దిగినట్టు కిందికి దిగుతుంది. అది దిగుతూ ఉండగా పెళ్ళికూతురు కూర్చుంటుంది. కొస అందుకోకపోతే దీవించనట్టే లెక్క. పాడనని ముందే చెప్పి ఇంట్లో కూర్చున్నా ఇంత తప్పు కాదు.

ఆ తప్పు ఆ ఇంట్లో ఒకసారి జరిగింది. దొరైస్వామి భార్య అంబుజం తన కూతురు యోగిత పెళ్ళిలో ముందు పాడింది. వెనక పాడింది మరిది శివరామన్ పెళ్ళాం మంగళం. ఆఖరి చరణంలో అంబుజం గొంతు దించి, అక్షరాన్ని పట్టుకొని, ఊపిరి అయిపోయేదాకా నిలిచింది. మంగళం పెదవులు కలిపి పందిరి గుంజ వైపు చూస్తూ నిలబడింది. అంబుజం గొంతు ఒంటరిగా అక్కడే ఆరిపోయింది. యోగిత సగం వంగినది వంగినట్టే ఆగి, తల్లి ముఖంలోకి చూసి, తరువాత కూర్చుంది.

మంగళం కోపానికి కారణం లేకపోలేదు. ఆమె పుదుచ్చేరి పట్నంలో వ్యాపారస్తుల ఇంట పుట్టింది. ఇంట్లో తెలుగున్నా నోట్లో అరవమే ఎక్కువ. కాపురానికి వచ్చిన కొత్తలో ఆ పాటను అరవ అక్షరాల్లో రాసుకొని నేర్చుకుంది. నేర్పింది అంబుజమే. పాడే తోడికోడళ్ళు లేని చుట్టాల పెళ్ళిళ్ళకు ఈ ఇద్దరే పోయి, మార్చి మార్చి ముందూ వెనకా పాడేవాళ్ళు. యోగిత పెళ్ళినాటి పొద్దున్నే వియ్యాలవారి ఆడవాళ్ళ ముందు అంబుజం నవ్వుతూ, మా మంగళం చిలక మాదిరి పాడుతుంది, అర్థం మాత్రం అడగవద్దండి అన్నది. అందరూ నవ్వారు. మంగళం కూడా నవ్వింది. నవ్వి, సాయంత్రానికి నోరు మూసుకుంది.

ఏడాది తిరగకుండానే యోగిత మొగుణ్ణి వదిలి వచ్చేసింది. ఇప్పుడు పుదుచ్చేరిలో ఒక కంపెనీలో పని చేస్తూ బాహూరు నుంచి స్కూటర్ మీద పోయి వస్తుంటుంది. తన కాపురం పాట వల్ల చెడలేదనీ, వాడి వల్లనే చెడిందనీ, వాడికి రోజుకొక కచేరీ పెట్టి పాడినా అంతేననీ ఆ పిల్ల నవ్వుతూ చెప్పేది. అంబుజానికి ఆ నవ్వు రుచించేది కాదు. మంగళం వాకిట్లో ఉంటే తను పెరటి దోవన పోయేది. ఒకే ప్రహరీ లోపల రెండు ఇళ్ళు. మూడేళ్ళుగా ఒక ఇంటి ఆడమనిషి గొంతు ఇంకొక ఇంటి ఆడమనిషి కోసం లేవలేదు.

ఇప్పుడు మంగళం కొడుకు భువనేశ్ పెళ్ళి కుదిరింది. పిల్ల పేరు అభినయ. పెళ్ళి పట్నంలో మండపంలో. మంగళం ముందు పాడాలి, అంబుజం వెనక పాడాలి. అన్నదమ్ములిద్దరూ అరుగు మీద కూర్చొని ఈ సంగతి ఎట్లా కదిలించాలా అని ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆమె పక్కన నిలబడేది లేదని అంబుజం లోపలి నుంచే చెప్పేసింది.

దారి చూపింది మేనల్లుడు సుధాకరన్. తట్టాంచావడి ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో ఒక లేత్ వర్క్‌షాపు మీద గది తీసుకొని పాటలు రికార్డు చేస్తుంటాడు. అత్తలిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూడనక్కరలేదనీ, వేరువేరు రోజుల్లో వచ్చి పాడితే తాను కంప్యూటర్‌లో కలిపి మండపంలో వేస్తాననీ అన్నాడు. మంగళం సరేనంది. అంబుజం ఒప్పుకోదని అందరూ అనుకున్నారు. ఆమె చాట కింద పెట్టి, ఎప్పుడు రమ్మంటాడో అడగమంది.

దొరైస్వామి సంతోషించాడు. పెళ్ళామెందుకు ఒప్పుకుందో ఆయనకు తెలియదు. అంబుజం చాటలో బియ్యం ఏరుతూనే అంతా ఆలోచించుకుంది. చరణాలన్నీ వంక పెట్టడానికి లేకుండా పాడుతుంది. ప్రతి కొసా అందుకుంటుంది. ఆఖరి కొస దగ్గర నోరు మూసుకుంటుంది. మండపంలో ఉన్నవాళ్ళు పాటల పెట్టె పాడైందనుకుంటారు. ఒక్కతెకు మాత్రమే అర్థమవుతుంది. ఆ ఒక్కతె ముఖం చూడటానికి తను ముందు వరసలో కూర్చుంటుంది.

మధ్యాహ్నం కింద లేత్ మిషన్లు ఆగి పనివాళ్ళు అన్నాలకు కూర్చునే వేళ చూసి రమ్మన్నాడు సుధాకరన్. యోగిత తల్లిని స్కూటర్ మీద తీసుకొచ్చి, తన ఆఫీసుకు పోయింది. గది గోడల నిండా బూడిదరంగు స్పాంజి ముక్కలు అంటించి ఉన్నాయి. చప్పుడు వస్తుందని ఏసీ కూడా ఆపేశాడు. ఇనుప రజను వాసన నేలలోంచి పైకి వస్తోంది. మేనల్లుడు మర్యాదగా కుర్చీ వేసి, ముందుగా గొంతు సరిచూసుకోవడానికి రెండు మాటలు పాడించుకున్నాడు. ఆమెకు భయం పోవాలని కాబోలు, కంప్యూటర్ తెర ఇటు తిప్పి చూపించాడు.

తెర మీద గీతలు. గీతల మీద, తాడుకు కట్టిన చిక్కుడుకాయల మాదిరి, లావుగా సన్నగా రంగు ముద్దలు. అదే ఆమె గొంతు అన్నాడు. గొంతులు సరిదిద్దే ప్లగిన్ అట అది. సినిమా పాటల్లో కూడా వాడతారట. మౌసుతో ఒక ముద్దను పట్టుకొని పైకి లాగి వినిపించాడు. అంబుజం గొంతు అంబుజం పాడని చోటికి ఎక్కింది. కిందికి లాగాడు, దిగింది. వెడల్పు చేశాడు, సాగింది. రెండు గొంతులను పక్కపక్కన పెట్టి, ఒకదాని అడుగులో ఒకటి నడిచేటట్టు కూడా చేస్తుందని చెప్పాడు. మేనల్లుడు తన నోట్లో చెయ్యి పెట్టి నాలుకను అటూ ఇటూ తిప్పినట్టు అనిపించింది ఆమెకు. ముఖం తిప్పుకుంది.

అయినా ఆలోచించింది. ఉన్నదాన్ని లాగుతాడు. విత్తనమే చల్లకపోతే ఏం మొలిపిస్తాడు?

చెవులకు హెడ్‌ఫోన్ తగిలించి, చిన్నత్త పాడినది వినిపిస్తాననీ, దాని వెనకే అందుకొమ్మనీ చెప్పి, అద్దం గోడ అవతలికి పోయాడు.

మంగళం గొంతు వచ్చింది. ఎదురింటి మనిషి మాట్లాడినట్టు రాలేదు, చెవిలో నోరు పెట్టినట్టు వచ్చింది. మూడేళ్ళుగా ప్రహరీ గోడకు కూడా వినపడకుండా తప్పించుకున్న గొంతు. కాస్త ముదిరింది. పలుకు మాత్రం మారలేదు, అదే అరవపు ఒత్తు. అంబుజం కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది. మొదటి కొస వచ్చింది. అందుకుంది. ఆ పట్టు తప్పిపోలేదని తెలిసి ఆమెకే రోతపుట్టింది. నిద్రలో లేపి పాడమన్నా ఆ రెండు గొంతులు అట్లాగే కలుస్తాయి. ఎన్ని పెళ్ళిళ్ళకు కలవలేదు! చరణం తరువాత చరణం, కొస తరువాత కొస పైకి పోయాయి.

ఆఖరి చరణం. మంగళం గొంతు దిగింది, దిగి అక్షరాన్ని పట్టుకొని నిలిచింది. అంబుజం పెదవులు బిగించింది. చెవిలో ఆ గొంతు సన్నబడుతూ, సన్నబడుతూ, ఎదురుచూస్తూ ఆరిపోయింది. అంబుజానికి కడుపు చల్లబడింది.

సుధాకరన్ తలుపు తీసి, ఆఖరుది ఇంకొకసారి పాడమని అడిగాడు.

“నా వల్ల కాదు నాయనా. వయసైపాయె. ఇంతే వస్తాది.”

వాడు తెర వైపు చూశాడు. మళ్ళీ అత్త వైపు చూశాడు. సరే, తాను చూసుకుంటాలే అన్నాడు. కింద లేత్ మిషన్లు మళ్ళీ మొదలయ్యాయి.

పెళ్ళినాడు అంబుజం అనుకున్నట్టే ముందు వరసలో కూర్చుంది. పట్టుచీర కట్టింది, పూలు పెట్టింది. సముద్రపు ఉక్క మండపం నిండా ఉంది. వేదిక మీద మంగళం కొడుకు వెనకాల నిలబడి ఉంది. వేదిక పక్కన పరదా వెనక సుధాకరన్ పెట్టెలు సర్దుకొని కూర్చున్నాడు. అభినయ తలుపు దగ్గర కనపడగానే పాట లేచింది.

అంబుజం పెళ్ళికూతుర్ని చూడలేదు. మంగళం ముఖం మీదే కళ్ళు పెట్టింది. చరణాలు నడిచాయి, పిల్ల నడిచింది. ఆఖరి చరణం వచ్చింది. మంగళం గొంతు దిగి నిలిచింది. ఇప్పుడు, అనుకుంది అంబుజం.

అంబుజం గొంతు అందుకుంది.

పెద్ద పెట్టెల్లోంచి, మండపం రెండు వైపుల నుంచి, ఆమె గొంతే. సందు లేకుండా అందుకొని, వణుకు లేకుండా, బిందెలోకి నీళ్ళు దిగినట్టు దిగింది. ఆమె వయసులో ఉన్నప్పుడు కూడా అంత నున్నగా దిగలేదు. అభినయ కూర్చుంది. వెనక వరసలో కనగం అనే చుట్టపావిడ భుజం తట్టి, ఇంత గొంతు దాచిపెట్టుకొని ఎందుకమ్మా ఇన్నాళ్ళు బిగుసుకున్నావని మెచ్చుకుంది. దొరైస్వామి దూరం నుంచి చెయ్యెత్తి తల ఊపాడు. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి. అంబుజం నోరు మూసుకునే ఉంది. మూసుకున్న నోటికి ఆ మండపంలో విలువ లేకుండా పోయింది.

తాళి కట్టడం అయ్యేదాకా ఎట్లా కూర్చుందో ఆమెకే తెలియదు. జనం భోజనాల వైపు కదలగానే లేచి పరదా వెనక్కు పోయింది. సుధాకరన్ వైర్లు చుడుతున్నాడు.

“యాడిది రా అది?” అంది. “నేను పాడనిది నీకు యాడ దొరికింది?”

వాడు దాచలేదు. రెండో చరణం కొసను తీసి ఆఖరిదానికి అతికించాడు. అది పైకి పోయేది కాబట్టి ప్లగిన్‌లో కిందికి లాగాడు, సాగదీశాడు, చిన్నత్త గొంతు అడుగులో అడుగు వేయించాడు. అంతా పని గురించి చెప్పినట్టే చెప్పాడు. అంబుజం వింటూ ఉంటే తన బుద్ధి మీద తనకే మంట పుట్టింది. విత్తనం చల్లలేదనుకుంది. ప్రతి చరణానికీ పిడికెడు చొప్పున చల్లి వచ్చింది.

“వయసైపోయి రాలేదని చెప్తిని గదా.”

“అది అబద్ధం పెద్దత్తా,” అన్నాడు వాడు తల ఎత్తకుండా. “ఆయాసానికి ఆగిన గొంతు తెర మీద తోక మాదిరి సన్నగా పోతాది. మీది మొదలే కాలేదు. మీరు కావాలనే మూసుకున్నారు. అభినయ ఏం పాపం చేసింది?”

“మా యోగిత ఏం పాపం చేసింది రా?”

వాడు వైరు చుట్టడం ఆపి ఆమె వెనక్కి చూశాడు.

పరదా పట్టుకొని మంగళం నిలబడి ఉంది. రెండో చేతిలో పళ్ళెం. పళ్ళెంలో ఆకు, వక్క, పసుపు కొమ్ము, వాటి కింద మడత విప్పని ఆకుపచ్చ పట్టుచీర. ముందు పాడినామె వెనక పాడినామెకు చీర పెట్టాలి. అది కూడా ఆ పాటతో వచ్చిన ఆచారమే. పెళ్ళికొడుకు తల్లి ముఖంలో ఉండవలసిన కళ లేదు. మూడేళ్ళ తరువాత ఆమె మొదటి మాట అడిగింది.

“గాలి యాడ పోయింది అక్కా?”

అంబుజం పరదా వైపు తిరిగింది.

“దిగే ముందు ముక్కుతో గాలి పీలుస్తావు నువ్వు. ఎన్నేండ్లుగా నా చెవి పక్కన పీల్చినావు. ఆ చప్పుడు విననిదే నేను అక్షరం వదిలేదాన్ని కాదు. ఈ పొద్దు గాలి లేకుండానే దిగినావు.” ఆమె సుధాకరన్ వైపు తిరిగింది. “పెద్దత్త ఏం పాడిందో అది వెయ్యి. నువ్వు చేసింది వద్దు.”

సుధాకరన్ బతిమాలాడు. పెళ్ళి సుఖంగా జరిగిపోయింది గదా, అందరూ సంతోషంగా ఉన్నారు గదా, ఎందుకు కెలకడం అన్నాడు. మంగళం పళ్ళెం పెట్టె మీద పెట్టి, మడత కుర్చీ లాక్కొని కూర్చుంది. వినేదాకా లేవదని వాడికి అర్థమైంది.

వాడు పెద్ద పెట్టెలు ఆపి, లాప్‌టాప్‌లో మాత్రమే చిన్నగా పెట్టాడు. అవతల వడ్డించేవాళ్ళ కేకలు, గరిటెల చప్పుడు. ఇవతల మంగళం గొంతు సన్నగా దిగి, అక్షరాన్ని పట్టుకొని నిలిచింది. తరువాత ముక్కుతో లోపలికి, గట్టిగా, నిండుగా, ఒక గాలి. ఆ తరువాత ఏమీ లేదు. మంగళం గొంతు ఒంటరిగా ఆరిపోయింది.

అంబుజం తన చెవులను తాను నమ్మలేదు. పీల్చానని ఆమెకు తెలియదు. పెదవులు బిగించింది గుర్తుంది, కడుపు చల్లబడింది గుర్తుంది. ముక్కు తన పని తాను చేసుకుపోయిందన్నది ఇప్పుడే వింటోంది.

మంగళం మేనల్లుణ్ణి అడిగింది. “ఆ గాలి ఎందుకు తీసేసినావు?”

“అది సుమ్మా, ఉత్త శబ్దం చిన్నత్తా. శుభ్రం చేసేటప్పుడు తీసేస్తాము.”

“పాడనిది పెట్టినావు, ఉన్నది తీసేసినావు. మంచి పని నేర్చినావు.”

వాడు లాప్‌టాప్ మూసి, భోజనం పేరు చెప్పి లేచిపోయాడు. తోడికోడళ్ళిద్దరే మిగిలారు. పరదా గాలికి కాక ఎవరి భుజమో తగిలి ఊగింది.

“కావాలనే మూసుకున్నావా?” అంది మంగళం.

“కావాలనే. నువ్వు వినాలనే.”

“వింటిని.” మంగళం పళ్ళెం చేతిలోకి తీసుకుంది. “నేను ఆ పొద్దు గాలి కూడా పీల్చలే అక్కా.”

తప్పు ఒప్పుకున్నట్టు లేదు ఆ మాట. క్షమించమన్నట్టు అసలే లేదు. నాది నీకంటే గట్టిది అని కొలిచి చెప్పినట్టుంది. అంబుజానికి చెంప పగలగొట్టాలనిపించింది. అదే సమయంలో, మూడేళ్ళుగా తను తప్ప ఎవరూ నమ్మని సంగతి అవతలి మనిషి నోటి నుంచే వినేసరికి, పిడికిలి తానుగానే వదులైంది. ఊపిరి అందలేదేమో, మరచిపోయిందేమో అని ఇంట్లో వాళ్ళంతా ఎన్ని సాకులు చెప్పారు దీని తరఫున! ఇది ఒక్క సాకూ చెప్పలేదు.

మంగళం ఆకు, వక్క, పసుపు కొమ్ము తీసి అంబుజం చేతిలో పెట్టింది. చీరను పళ్ళెంతో సహా తన చంకలోకి తీసుకుంది.

“చీర పాడినోళ్ళకు,” అంది. “గాలికి ఆకు వక్క చాలు.”

“నీ చీర ఎవురికి కావాల? ఆ పచ్చ రంగు నీ ముఖానికే చూసుకో.”

“చూసుకుంటా పో. భోంచేసి పో.”

అంబుజం భోంచేయలేదు. ఆకు వక్క మాత్రం పారేయలేదు. కొంగు చివర ముడి వేసుకొని బయటికి వచ్చింది. యోగిత ఐస్‌క్రీం కప్పుతో స్కూటర్ దగ్గరే నిలబడి ఉంది. తల్లి చేతులు ఖాళీగా ఉండటం చూసి, ఏందమ్మా, పిన్నమ్మ చీర పెట్టలేదా అని అడిగింది.

“చీర తీసుకునేంత నేనేం పాడినానని?” అంది అంబుజం, వెనక ఎక్కి కూర్చుంటూ.

స్కూటర్ బాహూరు రోడ్డు ఎక్కాక కొంగు ముడి విప్పి, ఆకు నోట్లో పెట్టుకొని, వక్కను గట్టిగా కొరికింది.